మంచు ఓడలో వంటాయన

కుసుమకుమారి ఆ పుస్తకం కొన్నది లావు చూసే. అందులో ఉత్తరధ్రువం దాకా వెళ్దామని బయలుదేరిన తెల్లవాళ్ల ఓడ మంచులో ఇరుక్కుపోతుంది. మంచు కింద ఏదో గోకుతూ ఉంటుంది, మనుషులు ఒక్కొక్కరే మాయమవుతుంటారు. కొత్తపేటలో కూలర్ కూడా వేడిగాలి కొడుతున్న ఎండల్లో ఇంతకన్నా చలవ చేసేదేముంది అనుకుంది మహాతల్లి.

తీరా మొదలుపెట్టాక ఒక్కతే చదవాలంటే భయం. అందుకని కింద గదిలో కిరాయికుండే అండాలమ్మను పిలిచింది. అండాలమ్మ చైతన్యపురిలో ఓ హాస్టల్‌కు వంట చేస్తుంది. మధ్యాహ్నం వంట ముగించుకొచ్చి, చింతపండు గింజలు తీస్తూ వినేది. కుసుమకుమారి ఇంగ్లీషులో చదువుకుని తెలుగులో చెప్పేది. రిటైరైన టీచరమ్మకు వినే మనిషి దొరికితే ఇక పట్టపగ్గాలుంటాయా.

మంచు కింది దయ్యం అండాలమ్మ కంటికి ఆనలేదు. "పందికొక్కై ఉంటది, గింత లొల్లి దేనికి" అని తేల్చేసింది. ఆమె ప్రాణమంతా ఓడలో వంటవాడు టామ్ మీదే. అందరికీ వడ్డించి, ఆఖర్న గిన్నె గీక్కుని తినేవాడు టామ్.

"కెప్టెన్ సంగతి నాకెందుకక్కా, జర వంటాయన ముచ్చట చెప్పు" అనేది.

టామ్ మంచుతుఫానులో తప్పిపోయిన రోజున అండాలమ్మ ఎల్లమ్మకు మొక్కింది. వంటాయన క్షేమంగా ఇల్లు చేరితే కోడిని కోస్తానని.

కుసుమకుమారి గబగబా తర్వాతి పేజీలు తిరగేసింది. టామ్ పోయాడు. దయ్యం చేతిలో కూడా కాదు, ఆకలితో. మర్నాడు అండాలమ్మ మొహం చూసి "దొరికాడు" అనేసింది.

ఆ ఒక్క మాట నిలబెట్టడానికి పాపం రోజూ టామ్ చేత వండించాల్సి వచ్చింది. ఒకనాడు ఏకంగా సీల్ మాంసం పులుసు పెట్టించింది.

"మంచుల చింతపండు ఏడికెళ్లొచ్చింది?"

"ఓడలో తెచ్చుకున్నారు" అంది టీచరమ్మ, తల ఎత్తకుండా.

అలా ఈదుకుంటూ టామ్‌ను ఇల్లు చేర్చి పుస్తకం మూసింది. ఆ ఆదివారం అండాలమ్మ చంకలో కోడితో గుమ్మంలో నిలబడింది. "నడువక్కా, గుడికి పోదాం."

అండాలమ్మకు అబద్ధం చెప్పడం ఒక ఎత్తు, ఆ అబద్ధంతోనే ఆమెను అమ్మవారి ముందు నిలబెట్టడం మరో ఎత్తు. కుసుమకుమారికి ఏడుపొచ్చేసింది. "టామ్ బతకలేదు, అండాలమ్మా. మంచులోనే పోయాడు. నీకు చెప్పలేక అబద్ధమాడాను."

అండాలమ్మ మెట్టు మీద కూలబడింది. తిడుతుందేమోనని కుసుమకుమారి కాచుకుని ఉంది.

"పోయేముందర ఏమన్న తిన్నడా?" అంది అండాలమ్మ చివరికి.

"లేదు. తన వాటా కూడా ఇంకొకరికి పెట్టేశాడు."

అండాలమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. తర్వాత లేచి, కోడిని కుసుమకుమారి చేతుల్లో పెట్టింది. "ఇల్లు చేరనప్పుడు మొక్కేడిది. అందరికి వండినోడు ఆకలితోని పోవుడేంది? మా పోయిన పెద్దలకు పెట్టినట్టే ఇయ్యాల ఆయనకు ఇస్తరాకుల బువ్వ పెడ్త."

మధ్యాహ్నం కుసుమకుమారి వంటింట్లోనే కోడికూర పొయ్యెక్కింది. వెల్లుల్లి ఒలుస్తున్న టీచరమ్మ, అండాలమ్మ కారం డబ్బా అందుకోవడం చూసి బతిమాలింది. "తెల్లవాడు, తట్టుకోలేడు. కాస్త తగ్గించి వెయ్యి."

అండాలమ్మ చెంచాలోని కారంలో సగం తిరిగి డబ్బాలో పోసేసింది.