పదహారో కాగితం

నేను ఒక అభిప్రాయాల పుస్తకాన్ని. చిత్రప్రదర్శనల్లో గుమ్మం పక్కన బల్ల మీద పెట్టి, పెన్నుకు దారం కట్టి ఉంచుతారే, అదే నేను. అబద్ధాలు మొయ్యడం నా వృత్తి. బొమ్మల వంక కన్నెత్తి చూడనివాడు కూడా నా మీద "అద్భుతం" అని గీకేసి కాఫీల వైపు నడుస్తాడు.

నన్ను కుట్టింది రాజమండ్రిలో బైండింగు పని చేసే వీరవేణి. ఆమె కుడిచేతి వేళ్లు రెండు వంగవు. ఎనిమిదేసి పెద్ద కాగితాలు ఒకదాంట్లో ఒకటి పెట్టి, మధ్యకు మడిచి, మడతలో సూది దింపి ఎడంచేత్తో దారం బిగించింది. అట్ట మీద "కామేశం మాస్టారి చిత్రాలు" అన్న కాగితం అంటించాల్సి వచ్చినప్పుడు మాత్రం చాలాసేపు దాన్ని చూస్తూ కూర్చుంది.

మొదటిరోజు మంత్రిగారు నా మొదటి కాగితం మీద "మహానుభావుడు" అని రాసి సంతకం పెట్టారు. ఇంకేముంది, వెనకొచ్చిన వాళ్లందరిదీ అదే పాట.

రెండోరోజు వీరవేణి వచ్చింది. అందరూ మెచ్చుకుంటున్న వరినాట్ల బొమ్మ ముందు నిలబడింది. తర్వాత నా దగ్గరికొచ్చి, ఖాళీ కాగితాలు కూడా లెక్కపెట్టుకుంటూ పదహారోదానికి వెళ్లి, ఎడంచేత్తో రాసింది:

"నాట్ల బొమ్మ పద్దెనిమిదో ఏట నేను వేసింది. నాదన్నందుకు మాస్టారు రూళ్లకర్రతో నా వేళ్లు విరగ్గొట్టారు. ఇట్లు, ఆయన శిష్యురాలు వీరవేణి."

అబ్బ, ఒళ్లు పులకరించిందనుకోండి! నా మీద పడ్డ మొదటి నిజం అది.

ప్రదర్శన పెట్టిన పేర్రాజు గారు ఆమె అంతసేపు రాయడం చూసి పరుగెత్తుకొచ్చి చదివారు. "ఎప్పటి గొడవమ్మా అది! అంత పెద్దాయన్ని ఈ వయసులో రచ్చకీడుస్తావా?" అంటూ ఆ కాగితం పట్టుకుని లాగారు. దాంతోపాటు మంత్రిగారి కాగితమూ కుట్టులోంచి కదిలింది. ఆయన చెయ్యి ఠక్కున ఆగిపోయింది.

"లాగండి, ఆగారేంటండీ?" అంది వీరవేణి. "ఆ రెండూ ఒకటే కాగితమండి. మడిచి కుట్టింది నేనేనండి. నా మాట ఊడిందంటే మంత్రిగారి మాటా ఊడొచ్చేస్తదండి."

పేర్రాజు గారు నన్ను మెల్లగా మూసి, బల్ల మీద పెట్టేశారు. అక్కడే కుర్చీలో శాలువా కప్పుకుని కూర్చున్న మాస్టారు గోడ వైపు తిరిగిపోయారు. వీరవేణి మాత్రం తల దించకుండా ఆయన ముందు నుంచే నడిచి వెళ్లింది.

ఇప్పుడు నేను పేర్రాజు గారి అద్దాల బీరువాలో ఉన్నాను. వచ్చినవాళ్లకు మంత్రిగారి సంతకం చూపించాలని నన్ను బయటికి తీస్తుంటారు. ఆనాటి లాగుడుకి నా కుట్టు అక్కడ వదులైంది. ఎవరు ఎలా తెరిచినా పదహారో కాగితం దగ్గరే విచ్చుకుంటాను. నొక్కి మూసినా మళ్లీ అక్కడే తెరుచుకుంటాను.