యేసోబు తలలోని కత్తెర

నేను ఒక ప్రోటీన్ని. కంటికి ఆనను గానీ గొప్ప చెప్పుకోకుండా ఉండలేను. మిరపచేలల్లో కూలికి పురుగుల మందు కొట్టే యేసోబు మెదడులో పుట్టాను. వందల పూసల దండ తనంతట తాను ముడుచుకుంటే తయారైన ముద్దని. నా నడుమ ఇరుకైన బావి, దాని అడుగున కత్తెర. ఆ ఆకారమే నా ఉద్యోగం.

నరం పక్క నరానికి కబురు చెప్పాలంటే చిటికెడు రసాయనం విసురుతుంది. కబురు అందగానే అది నా బావిలో పడాలి, నేను తుంచెయ్యాలి. తుంచకపోతే ఆ కబురు ఆగదు. రెప్పపాటులో వేలసార్లు తుంచేదాన్ని. యేసోబు ఒక్కనాడూ నన్ను తలుచుకోలేదు.

ఆ పొద్దున అతను ఆదివారం చర్చికి వేసుకునే చొక్కాతో పనికి బయల్దేరాడు. భార్య మార్తమ్మ మండిపడింది.

"ఉన్న ఒక్క మంచి చొక్కా మందుపాలు చేస్తావా? ఎటన్నా పోయి సావు!"

నవ్వుతూ చొక్కా విప్పి వంకీకి తగిలించి వెళ్లాడు మహానుభావుడు.

చేలో మందు పంపు కొస నాజిల్‌కి మడ్డి అడ్డం పడింది. సన్న పుల్లతో పోయేదానికి, అందరిలాగే నోట్లో పెట్టుకుని ఊదాడు. అలా నాలుగుసార్లు. ఆ మందు నా దాకా వచ్చింది. చూడ్డానికి కబురు రసాయనంలాగే ఉంది. మోసపోయి కత్తెర వేశాను, అది అంటుకుపోయి ఊడి రాలేదు. నా తోటివాళ్లందరికీ అదే గతి. ఇక నరాలు అరుపు ఆపలేదు. చొంగ కారింది, కండలు ఎగిరెగిరి పడ్డాయి, ఊపిరి అందలేదు.

ఆసుపత్రిలో డాక్టరు వాసన చూసి అడిగాడు. "ఎంత తాగాడమ్మా?"

"తాగలేదయ్యా!" అంది మార్తమ్మ.

యేసోబు వణికే వేళ్లను పెదాలకి ఆనించి, ఊదినట్టు చూపించాడు.

"అదుగో, తాగానని ఆడే చెబుతున్నాడు!" అంటూ అతని తల్లి కోడలి జుట్టు పట్టుకుంది. "పొద్దున ఏమన్నావే నా కొడుకుని?"

యేసోబు ఇంకోసారి ఊదబోయాడు. ఊపిరి లేదు.

శవాన్ని కోసి చూసిన డాక్టర్లు మెదడులో ఓ ముక్కని ఉప్పునీళ్ల సీసాలో వేశారు. అందులో నేనూ ఉన్నాను. పైన చీటీ అంటించారు: పురుగుల మందు తాగి మరణం. శవాల గది గుమ్మంలో మార్తమ్మ ఆ ఆదివారం చొక్కా శవానికి తొడుగుతోంది.

"సావమన్నానని సచ్చిపోయావా? నేనే సంపుకున్నా నిన్ను!"

నాజిల్ సంగతి నాకొక్కదానికే తెలుసు. కానీ కబుర్లు తుంచడమే తప్ప, మోయడం నాకు చేతకాదు.