నోరు కట్టుకున్న మనిషి

చెంచాడు టీ జుర్రుమని నోట్లోకి పీల్చి, బుగ్గల్లో ఒక్క తిప్పు తిప్పి, పక్కనున్న ఇత్తడి తొట్టిలో ఉమ్మేసి నిరాపద హాజ్రా తర్వాతి కప్పు దగ్గరికి జరిగాడు. పొడవాటి బల్ల మీద తెల్ల కప్పులు బారులు తీరి ఉన్నాయి. ఒక్కో కప్పు వెనకా దాని తాలూకు పొడి, కప్పులో దాని డికాక్షను. కిటికీ బయట కలకత్తా వాన.

మనిషి సన్నగా, పొడుగ్గా ఉంటాడు. ఏళ్ల తరబడి కప్పుల మీదికి వంగీ వంగీ వీపు అలాగే ఉండిపోయింది. మీసానికి వాసనలు పడతాయని వయసులో ఉండగానే తీసేయించాడు. వంటికి వాసన లేని సబ్బే రాస్తాడు. తలకి నూనె రాయడు గనక జుట్టు ఎప్పుడూ లేచే ఉంటుంది.

టీ రుచి చూసే ఉద్యోగమంటే అదేదో దర్జా అనుకునేరు. ఆ దర్జా కొండమీది తోటల ఆకు చూసేవాళ్లది. నిరాపద వంతు డస్టు టీ. రైల్వే ప్లాట్‌ఫారాల మీదా, సందు చివరి బడ్డీల్లోనూ పొద్దస్తమానం మరిగే పొడి. ఆయన బాగుందంటే వేలానికి పోతుంది, లేదంటే తోటకి తిరిగి పోతుంది. ఆయన చూసిందాన్ని మళ్లీ ఇంకొకరు చూడరు. ఆయనకున్న ఆస్తి అదొక్కటే.

దానికోసం నోరు కట్టుకున్నాడు. ఉల్లి లేదు, వెల్లుల్లి లేదు, ఇంగువ లేదు, కిళ్లీ లేదు. బెంగాలీ పుటక పుట్టి ఆవపెట్టిన ఇలిశ చేప ముట్టని మగాడు ఊరు మొత్తంలో ఇంకొకడు ఉంటాడని నేననుకోను. ఇలిశంటే మన పులసే. పుస్తెలమ్మైనా పులస తినాలని మనవాళ్లు అంటారు. ఇక్కడివాళ్లకి పుస్తెలుండవు కాబట్టి శంఖం గాజులు అమ్ముకోవాలేమో.

ఆయన కట్టుకుంటే ఇంట్లో ఆవిడా కట్టుకున్నట్టే. ఆవాలు నూరితే ఆ ఘాటు గోడలకీ బట్టలకీ పడుతుంది కదా! భార్య అణిమా ఇన్నేళ్లూ ఆనపకాయ, పెసరపప్పు, ఉడకేసిన బంగాళాదుంప వండి పెట్టింది. నోరు ఊరుకుంటుందా? ఊరుకోదు.

"మాది ఇల్లు కాదు, ఆసుపత్రి," అని పక్కింటివాళ్లతో అంటుంది. "మా అమ్మ ఆవాలు నూరితే వీధి చివరిదాకా తెలిసేది. ఉప్పూ పచ్చిమిరపకాయా వేసి నూరాలి తల్లీ, లేకపోతే చేదెక్కి కుక్క కూడా ముట్టదు," అని పారాయణం చేసినట్టు చెబుతుంది. ఆ రోజు పొద్దున గొడుగు అందిస్తూ కూడా ఊరుకోలేదు. "నేను పోయాక పిండంలోనైనా ఆవపెట్టించండి. కాకులైనా సుఖపడతాయి."

"పని మానేసిన రోజు నువ్వు వండు. కడుపునిండా తింటాను," అన్నాడు నిరాపద. పెళ్లైన కొత్తల్లో ఇచ్చిన మాట అది. అప్పటినుంచీ అదే మాట ఇస్తున్నాడు.

మాఘంలో జ్వరం వచ్చి తగ్గింది. దానితోపాటు ఆయన ముక్కూ నాలుకా కూడా పోయాయి. ఉప్పు నాలుక మీద వేసుకుని చూశాడు. ఇసకలా ఉంది. వేపాకు నమిలాడు, గడ్డిలా ఉంది. నాలుగు రోజుల్లో వస్తుందనుకున్నాడు, వచ్చేనెల వస్తుందనుకున్నాడు. శ్రావణం వచ్చింది గానీ రుచి రాలేదు. అప్పటినుంచీ డికాక్షను రంగు చూసి, పొడి వేళ్ల మధ్య నలిపి, అలవాటు కొద్దీ జుర్రి ఉమ్మి, బాగుందనో లేదనో చెబుతున్నాడు. ఎవరూ కనిపెట్టలేదు. ఆయనకి మాత్రం కంటికి కునుకు లేదు.

ఆ రోజు బల్ల చివరిదాకా చూడటం అయింది. నీళ్లు కాచి పోసే బటకృష్ణ, నిరాపద ఈడువాడు, రోజూలాగే పాసైన కప్పుల్లోంచి ఒకటి తీసుకుని గుక్కెడు తాగాడు. వెంటనే ఉమ్మేశాడు.

"ఛీఛీ! ఇది తీసేసిన కప్పా బాబూ? మీరు ఇటు పెట్టారు. కిరసనాయిలు కంపు కొడుతోంది!"

నిరాపద ఆ కప్పు తీసుకుని వాసన చూశాడు. ఏమీ లేదు. ఒక గుక్క నోట్లో పోసుకున్నాడు. ఏమీ లేదు. ఉమ్మడం మరిచిపోయి మింగేశాడు.

బటకృష్ణ చేతిలో కెటిల్ అలాగే ఉండిపోయింది. నిరాపద బాబు టీ మింగడం అతనెన్నడూ చూడలేదు.

"పొరపాటున పెట్టుంటారు," అన్నాడు బటకృష్ణ కళ్లు దించుకుని. "కప్పు తీసేసినవాటి వైపు జరిపేయండి బాబూ. నేను చూళ్లేదు, మీరూ చూళ్లేదు."

కప్పు జరపడం ఎంతసేపు? వేలితో తోస్తే చాలు. నిరాపద వేలు కప్పుకి ఆనించాడు కూడా. కానీ మాఘం నుంచీ పంపించిన టీలన్నీ ఏ ప్లాట్‌ఫారం మీద ఎవరు తాగారో! వాటిని ఏ వేలితో జరుపుతాడు? చెయ్యి తీసేసి పెద్దాయన బాగ్చీ గదిలోకి వెళ్లాడు. పెద్దాయనంటే హోదాకే, వయసులో ఈయనకన్నా చాలా చిన్నవాడు.

అంతా విని బాగ్చీ తలుపు దగ్గరగా వేశాడు. "ఇది ఎవరికి తెలుసు నిరాపద బాబూ?"

"నాకు తెలుసు."

"మీకు తెలిస్తే ఏముందండీ! డస్టుకి అంత పట్టింపు ఎవరికి? పింఛను దాకా లాగించండి. రంగు చూసి చెప్పినా చాల్లెండి."

"రంగు చూసేవాణ్ణి బట్టల కొట్లో పెట్టుకోండి బాబూ," అన్నాడు నిరాపద. "మాఘం నుంచి నేను చూసిందంతా తప్పని రాసుకోండి."

ఇంత చెప్పాక కాస్త తేలికపడతాననుకున్నాడు. ఏమీ తేలిక పడలేదు. చెంచా కడిగి తుడిచి బల్ల మీద దాని చోట్లో దాన్ని పెట్టాడు. బటకృష్ణ గుమ్మందాకా వచ్చి, "వాన తగ్గాక వెళ్లండి బాబూ," అన్నాడు. వాన తగ్గలేదు. నిరాపద వెళ్లిపోయాడు.

దారిలో చేపల బజారులో ఆగాడు. చేపలవాడు వెండిలా మెరిసే ఇలిశని మొహం మీదికి తెచ్చాడు. "చూడండి దాదా, గంగ వాసన! ఇది వాసనకే సగం కడుపు నిండుద్ది." నిరాపద వంగి గట్టిగా ఊపిరి పీల్చి, బాగుందన్నట్టు తలూపాడు.

చేతిలో చేప చూడగానే అణిమాకి సంగతి అర్థమైపోయింది. అర్థమైందనే అనుకుంది.

"మానేశారా! నిజంగా? ఇంత హఠాత్తుగానా?"

"చాలనిపించింది."

ఆవిడ గబగబా సన్నికల్లు కడిగింది. నూరుతూనే ఒకటే మాటలు. రేపు రొయ్యలట, ఎల్లుండి వెల్లుల్లి వేసిన మాంసమట, శీతాకాలం రాగానే చెల్లెలింటికి వెళ్లి పదిరోజులు తిని రావడమట. నవ్వుతోంది, అంతలోనే కళ్లు తుడుచుకుంటోంది. ఇన్నేళ్లలో ఆవిణ్ణి అంత సంతోషంగా నిరాపద చూడలేదు. చెప్పాల్సిన మాట చెప్పకుండానే పీట వాల్చుకుని కూర్చున్నాడు.

వేడి అన్నం మీద చేప ముక్క వేసి, పచ్చని పులుసు పోసి, ఆవిడ ఎదురుగా కూర్చుంది. నిరాపద ముద్ద నోట్లో పెట్టుకుని, అలవాటు ప్రకారం కళ్లు మూసుకుని బుగ్గల్లో తిప్పాడు.

"ఎలా ఉంది?"

"అమృతం," అన్నాడు. "ఘాటు ముక్కుకెక్కింది చూడు." రెండో ముక్క అడిగి వేయించుకున్నాడు.

అణిమా కొంగుతో మొహం తుడుచుకుని అప్పుడు తను కలుపుకుంది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే ఆగిపోయింది. చేదు. కటిక చేదు. గొంతు దిగని చేదు. ఆవిడ తలెత్తి భర్తను చూసింది. ఆయన ముల్లు జాగ్రత్తగా తీసి పక్కన పెట్టి, ఇంకో ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. జ్వరం తర్వాత పప్పులో ఉప్పు లేకపోయినా ఆయన అడగకపోవడం గుర్తొచ్చింది. పని ఎందుకు మానేశాడో తెలిసింది. ఇక ఈ మనిషికి తను ఏం వండినా ఒకటేనని కూడా తెలిసింది.

"ఏం, బాలేదా?" అన్నాడు నిరాపద.

అణిమా ఉమ్మలేదు. మింగింది.

"బావుంది. అచ్చం మా అమ్మ చేసినట్టే ఉంది," అని ఇంకో ముద్ద కలుపుకుంది.

వంటింట్లో సన్నికల్లు పక్కన, నూరడానికి తీసిపెట్టిన రెండు పచ్చిమిరపకాయలూ, చిటికెడు ఉప్పూ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.