పొడుగు సీసా, పొట్టి సీసా

పర్చూరు దగ్గరి హైస్కూల్లో హెడ్మిస్ట్రెస్ కోటేశ్వరమ్మ గారు రిటైరవుతున్నారు. ఆవిడకి సెంటు కొనే పని లెక్కల టీచరు జుబేదా మీదా, తెలుగు మాస్టారు రాధాకృష్ణమూర్తి మీదా పడింది. పది నిమిషాల్లో తేలిపోతుందనుకుని జుబేదా ఆయనతో చీరాల బస్సెక్కింది. షాపులో అడుగుపెట్టి గంట దాటింది. మాస్టారి ముక్కు ఇంకా ఏదీ తేల్చలేదు.

బల్ల మీద రెండే సీసాలు మిగిలాయి. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. రెండింట్లోనూ అదే లేతాకుపచ్చ నీళ్లు, పూలూ పసరూ కలిసిన అదే వాసన. వాసన చూడమని షాపు పిల్ల నజ్మీన్ ఇచ్చిన కాగితపు ముక్కల్ని మాస్టారు ముక్కుకి ఆనించి కళ్లు మూసుకున్నాడు. క్లాసులో పద్యం మర్చిపోయినప్పుడు కూడా ఆయన మొహం ఇలాగే పెడతాడు.

"పొడుగుదాంట్లో మల్లెమొగ్గ ముందొస్తుందండీ. పొట్టిదాంట్లో మరువం కాడ తుంచిన వాసన. ఆవిడ స్వభావానికి మరువమే నప్పుతుంది."

గుమ్మం ముందు మిర్చి బస్తాల లారీ ఆగి ఉంది. ఆ ఘాటుకి జుబేదా అప్పటికి నాలుగుసార్లు తుమ్మింది. ఇంత ఘాటులోనూ ఈయనకి మల్లెమొగ్గ తగిలిందట. ముప్ఫై ఏళ్లుగా గైడు చూసి అర్థాలు చెబుతున్న మనిషి.

"రెండూ ఒకటే మాస్టారూ. పొడుగుది చూడ్డానికి బాగుంది, అదిద్దాం."

"అరగంట ఆగితేగానీ అసలు వాసన తెలీదండీ."

జుబేదా నజ్మీన్ వైపు తిరిగి ఆయనకి వినపడేలాగే అంది. "పొడుగుది ప్యాక్ చెయ్యమ్మా. ఈయన తేల్చేలోపు కొత్తగా వచ్చే హెచ్చెమ్ కూడా రిటైరవుతాడు."

నజ్మీన్ నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. మాస్టారు కాగితపు ముక్కల మీద 'పొడుగు', 'పొట్టి' అని గుండ్రటి అక్షరాలతో రాసి జుబేదాకిచ్చాడు. "ఇంటికెళ్లి చూడండి, ఊరికే."

బయట పారేద్దామని ఆమె వాటిని హ్యాండ్‌బ్యాగులో కుక్కి మర్చిపోయింది. సాయంత్రం తాళాల కోసం బ్యాగు వెతుకుతుంటే చేతికి తగిలాయి. 'పొడుగు' ముక్క బట్టల సబ్బులా ఉంది. 'పొట్టి' ముక్కని ఆమె రెండుసార్లు వాసన చూసింది. అప్పుడే తుంచిన మరువం, నీళ్లు చల్లినంత పచ్చిగా. నమ్మబుద్ధి కాక అత్త ఖాదర్‌బీ చేతికిచ్చింది.

"ఇది సబ్బు. ఇది మరువం. ఎవరిచ్చారే?"

"ఎవరో పనిలేనాయన."

ప్యాకెట్ ఇంట్లోనే ఉంది, వీడ్కోలు సభకి ఇంకా రెండు రోజులుంది, చీరాల పట్టుమని గంట ప్రయాణం లేదు. మార్చాలంటే ముందు ఆయనకి చెప్పాలి. జుబేదా కాగితాలు రెండూ పొయ్యిలో పడేసింది.

సభలో కోటేశ్వరమ్మ గారు పొడుగు సీసా విప్పి మణికట్టు మీద కొట్టుకుంది. "ఇప్పుడే తలంటుకుని వచ్చినట్టుందమ్మా, హాయిగా," అంది.

"చూశారా మాస్టారూ?" అంది జుబేదా.

"మీరు చెప్పిందే కరెక్టండీ," అని ఆయన తలూపాడు.

ఆ తలూపుడికి జుబేదాకి ఒళ్లు మండింది. అంత ముక్కున్న మనిషికి కాస్త వెన్నెముక కూడా ఉంటే ఏం పోయింది అనుకుంటూ సమోసా ప్లేటు అందుకుంది.