పదకొండు బుట్టలు

మంగళవారం తెల్లవారుజాము నమాజు చదివించి ఉబైద్ బయటికి వచ్చేసరికి సముద్రం నిండా ఓడలున్నాయి. గల్ఫు నడుమనున్న ఆ తుంబ్ దీవిలో ఉన్నదే నూట ఇరవై మంది అరబ్బులు. ఈ కాసిని మందికి అన్ని ఓడలెందుకని పక్కింటి జుమా నవ్వాడు. ఆ నవ్వు ఆగకముందే పోలీసు ఠాణా వైపు తుపాకులు మోగాయి. ఎండెక్కే వేళకి ఒక పోలీసు చనిపోయాడు, జెండా దిగింది, ఇరాన్ సైనికులు ఇంటింటి ముందూ నిలబడ్డారు.

"మధ్యాహ్నానికి లాంచీ వస్తుందట. చేతికందినవి తీసుకుని అవతలి ఒడ్డుకి, రాస్ అల్ ఖైమా పోవాలట" అని ఎవరో చెప్పారు.

"మరి ఇంగ్లీషువాడేడీ? మనకు కాపలా అన్నాడుగా?"

"రేపటితో వాడి కొలువు చెల్లు" అన్నాడు జుమా. "ఇవాళే తలుపు తీసిపెట్టి పోయాడు. గొళ్ళెం ఎక్కడుందో దొంగకి చెప్పి మరీ పోయుంటాడు, మర్యాదస్థుడు కదా!"

తాగేనీళ్ళ తొట్టి దగ్గర ఒక సైనికుడు గడ్డం గీసుకుంటున్నాడు. నురగ అంటిన కత్తిని ఆ నీళ్ళలోనే ముంచి ఆడిస్తున్నాడు. ఆ తొట్టి నిండాలంటే వానయినా రావాలి, పడవలో నీళ్ళయినా రావాలి. ఉబైద్ మొహం తిప్పుకుని సముద్రం వైపు చూశాడు. అక్కడ అంతకన్నా పెద్ద బాధ ఉంది.

శనివారం చేపలకోసం వేసిన తీగబుట్టలు పదకొండు నీళ్ళలోనే ఉన్నాయి. లోపలికి పోయిన చేప తిరిగి రాలేదు, మనిషి ఎత్తి తలుపు తీస్తే తప్ప. దొంగల భయానికి ఆ దీవివాళ్ళు బుట్టమీద గుర్తు తేలనివ్వరు. దీపస్తంభాన్నీ కొండ మొననూ చూపులో కలుపుకుని, ఎక్కడుందో వేసినవాడే తెలుసుకుంటాడు. ఉబైద్ రాకపోతే ఇక ఎవరూ రారు. లోపలి చేపలు ఆకలితో చస్తాయి, ఆ వాసనకి ఇంకొన్ని దూరతాయి, అవీ చస్తాయి. తీగ తుప్పుపట్టి తెగేదాకా అంతే.

"బుట్టల సంగతేం చేద్దాం?" అని భార్యనడిగాడు.

మౌజా మూటలోకి పిల్లల బట్టలు కుక్కుతోంది. "నెత్తిన కొంప కూలుతుంటే చేపల మీద జాలా, హుమైద్ నాన్నా?"

"దేవుడి పేరు చెప్పి వేశాను. తిననూ తినక, వదలనూ వదలక చంపితే రేపు ఆయన అడగడూ?"

"ముందు వీళ్ళనడగమను" అందామె, మూట ముడి బిగిస్తూ.

బడి ముందు బల్ల వేసుకుని ఒక అధికారి కూర్చున్నాడు. పక్కన దుబాసీ. అతన్ని చూసి ఉబైద్ ఆగిపోయాడు. ఇరాన్ ఒడ్డునున్న లింగా రేవు నుంచి చేపలు కొనడానికి వచ్చే దావూద్. పండగ మర్నాడు ఉబైద్ ఇంట్లోనే అన్నం తిని పోయాడు.

"రా మామా, రా. అత్త కులాసాయేనా?" అన్నాడు దావూద్, ఏమీ జరగనట్టు.

"నా బుట్టలు ఎత్తుకోనియ్యి దావూద్. ఒక్క గంట. రెండు ఒడ్డులవాళ్ళకీ తెలిసిన పద్ధతే కదా."

నిజమే. ఆ నీళ్ళలో పగవాడైనా సరే, బుట్ట ఎత్తుకోవడానికి వచ్చినవాడికి దారిస్తాడు. ఉబైద్ తాత కాలంలో కత్తులు దూసుకున్న రెండు ఊళ్ళు కూడా దాన్ని తప్పలేదు.

దావూద్ అధికారి చెవిలో ఏదో అన్నాడు. అధికారి నవ్వి తలూపాడు.

"సరేనన్నారు. ఇదిగో, దీనిమీద వేలు వెయ్యి. మా ఇష్టప్రకారమే దీవి వదిలి పోతున్నామని. మిగతావాళ్ళు మొండికేశారు. నువ్వు పెద్దవాడివి, నీకు చెప్పాలా?"

"ఇష్టప్రకారమా?"

"ఉత్త కాగితం మామా. కాగితం తింటుందా, తాగుతుందా?"

ఉబైద్ బల్లమీది కాగితం తనవైపు లాక్కున్నాడు. అబద్ధాన్ని తర్వాత కాదనవచ్చు, చేప తలుపు తీసుకోలేదు కదా అనుకున్నాడు. అలా అనుకోవడం సరైనదో కాదో అతనికి తెలియలేదు. వేలు వేశాడు. దావూద్ తన జేబురుమాలుతో ఆ వేలిని మెల్లగా, బిడ్డ ముక్కు తుడిచినట్టు తుడిచాడు. తుపాకీ దెబ్బకన్నా ఆ తుడవడమే ఉబైద్‌కు రోత పుట్టించింది.

పడవలో అతనితోపాటు ఇద్దరు సైనికులూ దావూదూ ఎక్కారు. మొదటి బుట్ట పైకొచ్చింది. లోపల మూడు పెద్ద హమ్మూర్ చేపలు. ఉబైద్ తలుపు తీసి వాటిని నీళ్ళలోకి వదలబోతే సైనికుడు చెయ్యి పట్టుకున్నాడు. గోనెసంచి నోరు తెరిచాడు.

"వదిలేద్దామనుకున్నానురా" అన్నాడు ఉబైద్.

"వదిలేస్తే ఎట్లా? దొరగారి భోజనానికి!" అన్నాడు దావూద్.

రెండో బుట్ట. మూడో బుట్ట. సంచి నిండి కొట్టుకుంటోంది. నాలుగోదానికి ఉబైద్ పడవ తిప్పబోయాడు.

"చాలు మామా. మాకు సరిపోయాయి."

"ఇంకా ఎనిమిదున్నాయి!"

"ఉంటే ఉండనీ. సముద్రం మూసేశారు."

ఉబైద్ పడవను ఒడ్డు వైపు తిప్పాడు. పద్ధతి ఇద్దరిదీ అనుకోవడమే తన తప్పు. తిరిగొచ్చేసరికి లాంచీ నిండిపోయి ఉంది. బడి వెనక పొయ్యి అప్పుడే వెలిగించారు.

సిరా మరక పోని అతని వేలు జుమా చూశాడు. "ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఒకడు. ఆ నిప్పు నువ్వే అందించావన్నమాట!"

ఉబైద్ లాంచీ ఎక్కాడు. మౌజా జరిగి చోటిచ్చింది, మొహం మాత్రం అటు తిప్పుకుంది.

పొద్దుగుంకే వేళకి అవతలి ఒడ్డు సన్నగా కనిపించింది. మగవాళ్ళు లేచి లాంచీ పైతట్టు మీద నమాజుకు వరసలు కట్టారు. అలవాటు కొద్దీ ముందు చోటు ఉబైద్‌కు వదిలారు. అతను అక్కడికి వెళ్ళి వాళ్ళవైపు తిరిగాడు.

"ఇష్టంగా పోతున్నామన్న కాగితం మీద నేను వేలు వేశాను. బుట్టలకోసం. మూడే ఎత్తాను, ఆ చేపలు వాళ్ళే తింటున్నారు. ఒడ్డు చేరాక అది అబద్ధమని అడిగినవాడికీ అడగనివాడికీ చెప్తాను. ఇది తెలిసి కూడా నా వెనక నిలబడతారా?"

ఒక ముసలాయన సముద్రంలోకి ఉమ్మాడు. ఎవరిమీదో తెలియలేదు. ఉబైద్ వెనక్కొచ్చి ఆఖరి వరసలో నిలబడ్డాడు. కాసేపటికి జుమా గొణుక్కుంటూ నమాజు చదివించడానికి ముందుకు వెళ్ళాడు.

ఖురానులో జుమాకు వచ్చినవి రెండు చిన్న అధ్యాయాలే. మొదటిది గడిచింది. రెండోదానిలో సగం దగ్గర మాట అందక ఆగిపోయాడు. తప్పినచోట వెనకనుంచి తెలిసినవాళ్ళు అందించాలి, అదే నియమం. తెలిసినవాడు అక్కడ ఒక్కడే ఉన్నాడు.

ఉబైద్ మెల్లగా ఆ మాట అందించాడు.

జుమా వెంటనే అందుకోలేదు. మెడ బిగిసి ఉండటం వెనకవరసదాకా కనిపిస్తోంది. తర్వాత జుమా అదే మాట తీసుకుని, పూర్తిచేశాడు.