నాలుగో ఊపిరి

పళ్ళు పీకేవాడికి ఇంత కారెందుకని ఈయన వచ్చిన ప్రతిసారీ అనుకుంటాను, ఎనిమిది సిలిండర్లు, రెండు టర్బోలు, వెనక కుడివైపొక గొట్టం ఎడమవైపొక గొట్టం, మనిషేమో సీటు మీద దిండు వేసుకుంటే తప్ప రోడ్డు కనపడని రకం, అయినా ఇవాళ మధ్యాహ్నం రేసు ట్రాక్ మీద దౌడు తీయించాలట, స్నేహితులందరికీ చెప్పుకున్నాడట, తీరా పొద్దున స్టార్ట్ చేస్తే వెనక తెల్లగా పొగ, పొగ అనగానే ఎవరికైనా నేనే గుర్తొస్తాను, మా కార్ల రిపేరు షెడ్డు బోర్డు మీద నా పేరు కంటే పెద్దగా ముక్కు బొమ్మ ఉంటుంది, పేరు ఎవరికీ తెలియదు, ముక్కు మాస్టారు అంటే చాలు టాక్సీవాడు గుమ్మం ముందు దింపుతాడు, ఈ డాక్టరు కూడా అలా దిగినవాడే, మాస్టారూ మీరు ఒక్కసారి పీలిస్తే నాకు నిశ్చింత అంటున్నాడు, చేతులు నలుపుకుంటూ, తన కుర్చీలో కూర్చున్న రోగులు నలుపుకున్నట్టే, కాసేపు నలుపుకోనీ.

పద్ధతి అందరికీ తెలుసు, ఇంజన్ స్టార్ట్ చేస్తారు, నేను చేతులు వెనక్కి కట్టుకుని గొట్టం మీదికి వంగుతాను, మూడు ఊపిర్లు, మొదటిదానికి తెలుస్తుంది, రెండోదానికి రూఢి అవుతుంది, మూడోది చుట్టూ నిలబడ్డవాళ్ళ కోసం, నాలుగో ఊపిరి నేను పీల్చగా చూసినవాడు ఈ షెడ్డులో లేడు, నల్ల పొగకు ముక్కుతో పని లేదు, పెట్రోలు ఎక్కువైందని కళ్ళ మంటే చెబుతుంది, చిక్కంతా తెల్లటి దానితోనే, పొద్దుటి చలికి గొట్టంలో చేరిన తేమ ఆవిరైనా తెల్లగానే ఉంటుంది, ట్యూబులైటు కింద కాలిన ఆయిలూ తెల్లగానే కనపడుతుంది, సిలిండర్ల మీద మూతలా కూర్చునే హెడ్డు దగ్గర లీకై, ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ కాలినా తెల్లగానే వస్తుంది, కాకపోతే ఆవిరికి వాసన లేదు, ఆయిలు గొంతు వెనక పట్టుకుంటుంది, కూలెంట్ తియ్యగా ఉంటుంది, పాకం అడుగంటినట్టు, అడుగంటిన పాకం ఎలా ఉంటుందో నాకిప్పుడు మాటగానే గుర్తుంది, రెండేళ్ళ కిందట జ్వరం వచ్చింది, పదకొండు రోజులు, జ్వరం పోతూ పోతూ నా ముక్కును వెంట తీసుకుపోయింది, ఈ సంగతి ఎవరికీ తెలియదు, తెలిస్తే ఆ బోర్డు దించి పొయ్యిలో పెట్టుకోవాలి.

రెంచీల ట్రే పట్టుకుని అల్లుడు వచ్చాడు, మూడడుగుల దూరంలో, నాకెదురుగా, మొహం మీద లైటు పడేలా నిలబడ్డాడు, నేను నిలబెట్టిన చోటే, అక్కణ్ణుంచి ఒక్క అడుగు ముందుకేస్తే మోకాలి మీద రెంచీతో తడతాను, గొట్టం దగ్గరికి రానివ్వను, చూసేవాళ్ళు పని నేర్పడంలో మాస్టారు కఠినం అనుకుంటారు, అనుకోనీ, అసలు సంగతి ఏమిటంటే ఈ మొద్దుకు నోట్లో నాలుక లేదు గానీ మొహం మీద అన్నీ ఉన్నాయి, ఆయిలు వాసన తగిలితే ఎడమ కనుబొమ్మ రుద్దుకుంటాడు, తియ్యటి వాసన తగిలితే పెదవులు తడుపుకుంటాడు, ఏమీ లేకపోతే ఏమీ చేయడు, జ్వరం తగ్గిన నాలుగో రోజే కనిపెట్టాను, దిక్కు తోచక గొట్టం మీదికి వంగి తలెత్తినప్పుడు, ఆ రోజు ఎంత సంబరపడ్డానో, ముక్కు పోయినా బుర్ర పోలేదని, వీడి మొహం వీడికి తెలియకుండా చదివేస్తున్నానని, అప్పటి నుంచి వీణ్ణి మరీ దగ్గరగా ఉంచుకున్నాను, మరీ హీనంగా చూశాను, రెండూ ఎందుకు కలిసి జరిగాయో నాకు తెలియదు, కాదు, తెలుసు, ఎవరి మీద ఆధారపడి బతుకుతున్నామో వాళ్ళ మొహం చూస్తే ఒళ్ళు మండుతుంది.

నిన్న రాత్రి భోజనాల దగ్గర కూతురు మొదలుపెట్టింది, నాన్నా, బోర్డు మీద ముక్కు కింద ఆయన పేరు కూడా రాయిద్దాం, ఆరేళ్ళయింది కదా, పనంతా ఆయనే చేస్తున్నాడు కదా, నేను అన్నాను, ఎవరి పేరు రాయించమంటావు, ట్రే పేరా, కూతురి చెయ్యి కంచంలో ఆగిపోయింది, అతను మాత్రం తలెత్తలేదు, మంచినీళ్ళు ఇలా ఇవ్వు అన్నాడు, అంతే, ఆ గొంతు వింటే నాకు కోపం రెట్టింపయింది, ఒక్క మాట ఎదురు చెబితే నాలుగు తిట్టి తృప్తిగా పడుకునేవాణ్ణి, పసిదాని ఊయల దాకా వెళ్ళి వంగాను, మనవరాలికి ఏడాదిన్నర, అందరూ దాని తల వాసన చూసి మురిసిపోతుంటారు, నేనూ ముక్కు ఆనించి, పాల వాసన, అన్నాను, కూతురు వింతగా చూసింది, ఇప్పుడే జలుబు మందు రాశాను నాన్నా, గదంతా ఘాటెక్కిపోయింది, నీకు పాల వాసనేం తగిలింది, నేను నవ్వేశాను, పసిపిల్లలంటే నాకు ఎప్పుడూ పాల వాసనే అమ్మా అని, ఎంత నాజూకుగా తప్పించుకున్నానో అనుకుంటూ పడుకున్నాను.

స్టార్ట్ చేయనా మాస్టారూ అంటున్నాడు డాక్టరు, మళ్ళీ ఏదో మర్యాద గుర్తొచ్చినట్టు, మీ అల్లుడుగారికి కూడా బాగా పట్టుబడిందని విన్నాను, ఆయన్నీ ఒకసారి చూడమనండి, అన్నాడు, నాకు తల కొట్టేసినట్టయింది, ఎవరు చెప్పారు ఈయనకు, బిల్లులు రాసే కూతురే చెప్పి ఉంటుంది, అల్లుడుగారా, అన్నాను షెడ్డంతా వినపడేలా, అల్లుడుగారికి రెంచీలు అందించడం బాగా పట్టుబడింది డాక్టరుగారూ, ముక్కంటే పుట్టుకతో రావాలి, పిల్లనిచ్చిన ఇంటి నుంచి సారెతో రాదు, పెయింటు వేసేవాడు నవ్వాడు, టైర్లవాడు నవ్వాడు, డాక్టరు కూడా నవ్వాలా వద్దా అని తన పళ్ళు తానే కాస్త చూపించాడు, అల్లుడు ట్రేలో రెంచీలు చిన్నది నుంచి పెద్దదాకా వరసగా సర్దుకున్నాడు, అవి ముందే వరసగా ఉన్నాయి.

ఇంజన్ అందుకుంది, షెడ్డు రేకులు కంపించాయి, పొగ వచ్చింది, తెల్లగా, వంగాను, ఒకటి, వేడిగాలి తప్ప ఏమీ లేదు, అతని మొహం చూశాను, ఏమీ లేదు, రెండు, ఏమీ లేదు, ఆవిరే కాబోలు, కానీ పొగ రేకుల కింద అలాగే వేలాడుతోంది, ఆవిరైతే ఈపాటికి విడిపోవాలి, ఇది కదలడం లేదు, కళ్ళు ఏదో చెబుతున్నాయి, కళ్ళ మాట నేను నమ్మడం మానేసి రెండేళ్ళయింది, మూడు, అప్పుడు అతను ట్రేను ఒక చేతిలోకి మార్చుకుని ఎడమ కనుబొమ్మ రుద్దుకున్నాడు, గట్టిగా, రెండుసార్లు, అబ్బ ప్రాణం కుదుటపడింది, ఆయిలు, లేచి నడుం సవరించుకున్నాను, కుడి టర్బో సీలు డాక్టరుగారూ, కాస్త ఆయిలు వదులుతోంది, కంగారేం లేదు, ఇవాళ్టికి మీ ముచ్చట తీర్చుకోండి, సోమవారం తెస్తే మార్చేద్దాం, కుడి అని ఎందుకన్నానో, అలా అంటే బరువుగా ఉంటుందని అన్నాను.

డాక్టరు ఇంజన్ ఆపి ఫోన్ తీసి మధ్యాహ్నం వచ్చేస్తున్నానని స్నేహితులకు చెబుతున్నాడు, కూతురు ఆఫీసు గది కిటికీలోంచి, బండికేం జబ్బో రాసే కార్డు పట్టుకుని, ఆయిలేనా నాన్నా, అంది, ఆయిలే, మళ్ళీ అడిగింది, నిజంగా ఆయిలేనా, నా ముక్కు మీద నీకు అనుమానమా, రాయి, అన్నాను, రాసింది, బయటికి తెచ్చి సంతకం పెట్టమంది, ఏనాడూ అడగనిది ఇవాళ ఎందుకని కూడా అనుకోలేదు, గీకి పడేశాను, ఆ సంతకం చూశాకనే అల్లుడు ట్రే కింద పెట్టాడు, నేను చెప్పకుండా అతను ట్రే కింద పెట్టడం ఇదే మొదలు, బానెట్ కింద చెయ్యి పెట్టి కూలెంట్ డబ్బా మూత తిప్పాడు, సార్ ఒక్క నిమిషం ఇటు రండి, అన్నాడు డాక్టరుతో, మంచినీళ్ళు అడిగిన గొంతుతోనే, కూలెంట్ గీతకు రెండు వేళ్ళు కిందికి దిగిపోయింది చూడండి, ఇది ఆయిలు పొగ కాదు, కూలెంట్ సిలిండర్లోకి పోతోంది, హెడ్డు దగ్గర లీకుంది, దీన్ని ట్రాక్ మీదికి తీసుకెళ్తే రెండో చుట్టు తిరక్కుండానే ఇంజన్ పట్టేస్తుంది, ఆ వేగంలో పట్టేస్తే బండి మీ చేతుల్లో ఉండదు, డాక్టరు మొహంలో నెత్తురు లేదు, పెయింటువాడు నవ్వడం లేదు.

ఒరేయ్ అనబోయి ఆగాను, బయటికి గెంటేస్తాను, ఇవాళే, ఇప్పుడే, కూతుర్నీ పిల్లనీ తీసుకుని పొమ్మంటాను, పోతే రేపు గొట్టం ముందు నేనెవరి మొహం చూడాలి, అసలు కనుబొమ్మ ఎందుకు రుద్దుకున్నాడు, దురద పెట్టిందేమో, వెధవ, దురదకు కూడా అదే సమయం దొరికిందా, రెండేళ్ళలో ఒక్కసారి కూడా దురద పెట్టని కనుబొమ్మ, నోటికొచ్చింది అనేశాను, నేను చెప్పబోతూనే ఉన్నాను, ముందు ఆయిలు తగిలింది, వెనకాలే తియ్యగానూ తగిలింది, పూర్తిగా చెప్పనిస్తేగా, అతను తల ఊపాడు, ఎంతో మర్యాదగా, అవును మావయ్యా, మీరు చెప్పబోతుంటే నేనే తొందరపడ్డాను, అన్నాడు, జేబులోంచి రెండు తెల్లటి గుడ్డముక్కలు తీశాడు, వెళ్ళి కుడి గొట్టం అంచు ఒకదానితో, ఎడమ గొట్టం అంచు ఒకదానితో తుడిచాడు, రెండూ ఒకేలా తడిశాయి, రెండూ చెరో చేత్తో నా ముందు పట్టుకున్నాడు, ఈ ఇంజన్‌కు హెడ్లు రెండు కదా సార్, ఒక్కోదాని పొగ ఒక్కో గొట్టంలోంచి వస్తుంది, అని డాక్టరుకు వివరంగా చెప్పాడు, రెండూ విప్పితే బోలెడు పని, లీకున్న వైపు గుడ్డే తియ్యగా వాసనొస్తుంది, నేను ఇంకా నేర్చుకుంటున్నాను, మావయ్యగారైతే ఇట్టే చెప్పేస్తారు, చెప్పండి మావయ్యా, కుడిదా, ఎడమదా.

అందరూ చూస్తున్నారు, కూతురు గుమ్మంలో నిలబడి ఉంది, ఆ కార్డు గుండెకు ఆనించుకుని, కుడి గుడ్డ తీసుకున్నాను, ఒకటి, ఎడమది, రెండు, మళ్ళీ కుడిది, మూడు, తడి బట్ట ముక్కుకు చల్లగా తగలడం తప్ప ఏమీ లేదు, చెయ్యి దానంతటదే ఎడమ గుడ్డ ఎత్తింది, టైర్లవాడు పక్కవాణ్ణి మోచేత్తో పొడవడం కనపడింది, నాలుగు, షెడ్డు పెట్టిన ఇన్నేళ్ళలో మొదటి నాలుగో ఊపిరి, అందులోనూ ఏమీ లేదు, నా కళ్ళు అలవాటు కొద్దీ లేచి అతని మొహం మీదికి వెళ్ళాయి, అతను వాటి కోసమే ఎదురు చూస్తున్నాడు, సూటిగా నా కళ్ళలోకి చూస్తూ నాలుక బయటపెట్టి పెదవులు తడుపుకున్నాడు, ఈ చివరి నుంచి ఆ చివరికి, మెల్లగా, చంటిదానికి ముద్ద ఎలా తినాలో చేసి చూపించినట్టు, తర్వాత మొహం కడిగిన పలకలా పెట్టుకున్నాడు, పెదవులంటే కూలెంట్, కనుబొమ్మంటే ఆయిలు, కుడికీ ఎడమకూ మా మధ్య ఏ గుర్తూ లేదు.

అప్పుడు పాలు గుర్తొచ్చాయి, జ్వరం తగ్గిన మూడో రోజు, పొయ్యి మీద పాలు పొంగి, ఇగిరి, గిన్నె మాడి నల్లబొగ్గయినా, పక్క కుర్చీలో పేపరు చదువుతూ కూర్చున్నాను, వీధిలోంచి పరుగెత్తుకొచ్చి పొయ్యి ఆపింది అతనే, నన్ను చూశాడు, గిన్నెను చూశాడు, ఏమీ అనకుండా కిటికీలు తెరిచాడు, కనుబొమ్మ రుద్దుకోవడం ఆ మర్నాడే మొదలైంది, అంతకు ముందు నాలుగేళ్ళు ఈ మనిషి నా కళ్ళెదుటే తిరిగాడు, ఒక్కనాడూ కనుబొమ్మ రుద్దుకోగా నేను చూడలేదు, చెప్పు నాన్నా అంటోంది కూతురు, దాని గొంతులో జాలి కూడా లేదు, డాక్టరు చేతులు నలుపుకుంటున్నాడు, నా చేతిలో రెండు తడి గుడ్డలున్నాయి, ఏది కుడిదో ఏది ఎడమదో కూడా కలిసిపోయాయి, రెండేళ్ళుగా అతని మొహం మీంచి నేను దొంగిలించి తింటున్నాననుకున్నాను, దొంగిలించడానికి అక్కడేమీ లేదు, అతను పెట్టాడు, ట్రే పట్టుకో అన్న ప్రతిసారీ పెట్టాడు, మోకాలి మీద కొట్టిన రోజూ పెట్టాడు, ఇవాళ పెట్టలేదు.