రెండు సూత్

రిటైరైన మరుసటి వారమే జీవరాజు యాప్రాల్‌లోని తన ఇంట్లో వడ్రంగి షెడ్డు తెరిచాడు. షెడ్డంటే మరేం లేదు, కారు కొందామని కట్టించి, కొనకుండా వదిలేసిన పార్కింగు జాగా. ముప్పై ఐదేళ్లు రైల్వే ఆఫీసులో ఫైళ్లు జరిపిన మనిషికి ఉన్నట్టుండి చెక్క మీద ప్రేమ పుట్టుకొచ్చింది. ఇంట్లో తప్పక ఉండాల్సిన ఇరవై పనిముట్లని యూట్యూబులో ఎవరో చెప్తే ఇరవైకి ఇరవయ్యీ తెప్పించాడు. డ్రిల్లు, జిగ్‌సా, సాండరు, పేరు నోరు తిరగనివి మరికొన్ని. వాటిని గోడకి వరసగా తగిలించి రోజూ పాత బనీనుతో తుడిచేవాడు. చెక్క జోలికి మాత్రం పోలేదు.

పోవాల్సిన అవసరం భార్య డోరా వల్ల వచ్చింది. ఆవిడ ఇరవై రెండేళ్లుగా తిరుమలగిరి వైపు ఒక చర్చిలో కీబోర్డు వాయిస్తోంది. మోకాళ్ల ఆపరేషన్ అయ్యాక కూర్చోవడం బాగానే ఉంది గానీ, ఆ ప్లాస్టిక్ కుర్చీలోంచి లేవడమే గండమైపోయింది. ప్రార్థనకి లేచిన ప్రతిసారీ క్వయరులో ఇద్దరు వచ్చి చెరో రెక్కా పట్టుకోవాలి. నాలుగు ఆదివారాలు ఓర్చుకుని, "ఇక నా వల్ల కాదండీ. వచ్చే ఆదివారం నుంచి మన క్వయరు మేబెల్ వాయిస్తుంది" అంది. అని, వంటింట్లోకి వెళ్లి చాలాసేపు కుళాయి తిప్పి ఉంచింది. జీవరాజు వెనకే వెళ్లి కుళాయి కట్టేశాడు.

"శనివారం దాకా ఆగు. నీకు సరిపడే స్టూలు నేను చేస్తాను" అన్నాడు.

"మీరా?" అంది డోరా.

ఆ ఒక్క మాటకి పౌరుషం పొడుచుకొచ్చి, బన్సీలాల్‌పేట్ నుంచి రాములు అనే పెద్ద వడ్రంగిని పిలిపించాడు. రాములు గోడంతా కలియజూసి నవ్వాపుకున్నాడు.

"దుకాణం గిట్ల పెడ్తున్నరా ఏంది సార్? ఇవన్నీ తర్వాత. ముందుగాల రంపం, రంద, ఉలి, సుత్తి, గునియా. గీ అయిదు చేతికొస్తే మిషన్లు ఎప్పుడైనా వస్తయ్."

"గునియా అంటే?"

రాములు సంచిలోంచి ఇనుప ముక్క తీసి చెక్క మూలకి ఆనించి చూపించాడు. "ఓహో, మూలమట్టం!" అన్నాడు జీవరాజు. వాళ్ల నరసాపురంలో దాని పేరు అదే.

మొదటి రోజు చిత్రిక పట్టబోతే రంద చెక్కని గీరింది. రెండో రోజు కొరికింది. మూడో రోజు పొద్దున పల్చటి పొర ఒకటి చుట్టలు చుట్టుకుంటూ పైకి లేచింది. జీవరాజు దాన్ని అరచేతిలో పెట్టుకుని పరుగెత్తుకెళ్లి డోరాకి చూపించాడు. ఆవిడ దాన్ని వాసన చూసి, "టేకు" అంది. ఆ రోజంతా ఆయన కాళ్లు నేల మీద లేవు.

గురువారం రాములు ఏదో పని దగ్గర్నుంచి ఫోన్ చేశాడు. వెనక మిషన్ల హోరు. "చర్చికి పోయి అమ్మ కుర్చీ చూసిన సార్. స్టూలు పద్దెన్మిది ఇంచులు పెట్టుండ్రి, రెండు సూత్."

జీవరాజు శ్రద్ధగా రాసుకున్నాడు: పద్దెనిమిది, రెండు సుత. సుత అంటే 'కూడా' అని తెలియడానికి ఈ ఊళ్లో ఇన్నేళ్లు ఉన్నాడు మరి! పద్దెనిమిదికి రెండు కూడా కలిపి ఇరవై అంగుళాలకి కోసేశాడు.

శనివారం సాయంత్రం రాములు వచ్చి టేపు పెట్టి చూశాడు. "గిది ఇరవై ఉన్నది సార్!"

"నువ్వేగా రెండు సుత అన్నావ్?"

"సుత కాదు సార్, సూత్! ఇంచుకు ఎన్మిది సూత్‌లు. రెండు సూత్ అంటే పావించు!" రాములు నవ్వలేక కింద కూలబడ్డాడు.

జీవరాజు మొహం పాలిపోయింది. వాళ్ల వైపు దాన్ని నూలు అంటారు. ఆ ముక్క ఫోన్లో అడిగితే నోటి ముత్యాలు రాలిపోయేవా? పొద్దున్నే చర్చి. నాలుగు కాళ్లూ సమంగా కోయడం తన వల్ల అవుతుందా?

"పరేషాన్ గాకుండ్రి. ఇంచు మీద ఆరు సూత్ కోస్తే అయిపాయె" అని రాములు రంపం అందుకున్నాడు.

అలికిడికి డోరా వచ్చింది. "కోసే ముందు ఒక్కసారి కూర్చోనివ్వండి" అంది. కూర్చుంది. పొడగరి కాబట్టి పాదాలు నేలకి ఆనాయి. లేస్తుంటే జీవరాజు అలవాటు కొద్దీ చెయ్యి చాచాడు. అది పట్టుకోకుండానే ఆవిడ లేచి నిలబడింది.

డోరా మళ్లీ కూర్చుంది, మళ్లీ లేచింది. మూడోసారి లేచేటప్పుడు మొహమంతా నవ్వే.

"కోయొద్దు. ఈ ఎత్తు నుంచయితే నేనే లేవగలుగుతున్నా" అంది.

"కీబోర్డు స్టాండు జెర మీదికి జరిపితే సరి" అని రాములు రంపం సంచిలో పెట్టేశాడు.

డోరా అక్కడే నిలబడి ఫోన్ తీసింది. "మేబెల్, రేపు నేనే వాయిస్తానమ్మా" అంటోంది. జీవరాజు చాచిన చెయ్యి ఇంకా అలాగే ఉంది. అక్కర్లేకుండా పోవడం ఇంత సుఖంగా ఉంటుందని ఆయనకి ఇన్నాళ్లూ తెలియదు. కళ్లు తుడుచుకుంటే రంపపు పొట్టు పడి మరింత మండాయి.